పొలం కాగితాన్ని కంప్యూటరు ఎలా వెదుకుతుంది?

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



ఈవేళ మనం చెప్పుకోబోయేది కంప్యూటరు సంగతి. "మాకెందుకమ్మా ఆ గొడవ, పిల్లలు చూసుకుంటారులే" అనకండి. కర్లపాలెంలో గాని, బాపట్లలో గాని, రేపల్లెలో గాని, పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఇచ్చిన అర ఎకరం ఉన్న ప్రతి ఆడదానికీ ఈ గొడవతో పని ఉంది. ఆ అర ఎకరం కాగితాల్లో ఎవరి పేరున ఉంది? మనకు తెలియకుండా ఎవరన్నా తనఖా పెట్టారా? అమ్మేశారా? ఈ ప్రశ్నలకు జవాబు ఇప్పుడు కంప్యూటరులో నుంచి వస్తోంది. అది ఎలా వెదుకుతుందో, ఎక్కడ బోల్తా పడుతుందో తెలిసి ఉంటే మన జాగ్రత్తలో మనం ఉండవచ్చు.

ముందు పాత పద్ధతి చెప్పుకుందాం. మన రిజిస్ట్రేషను చట్టం 1908 నాటిది. స్థిరాస్తికి సంబంధించిన దస్తావేజులన్నీ ఒకటో నంబరు పుస్తకంలోకి ఎక్కుతాయి. వాటిని తిరిగి పట్టుకోవడానికి రెండు సూచికలు. ఒకటో ఇండెక్సులో మనుషుల పేర్లు, అంటే రాసిచ్చినవారూ, రాయించుకున్నవారూ ఉంటారు. రెండో ఇండెక్సులో ఆస్తి వివరాలు. ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు, అదే మనం ఈసీ అంటామే, అది కావాలంటే గుమాస్తా ఏడాది తర్వాత ఏడాది చొప్పున ఈ ఇండెక్సు పుస్తకాలు దించి, దుమ్ము దులిపి, ఒక్కొక్క పుటా తిప్పాలి. పదిహేనేళ్ళ చరిత్ర అడిగితే అన్నేళ్ళ పుస్తకాలూ తిప్పాల్సిందే. అందుకు రోజులు పట్టేవి. తిప్పే మనిషి కన్ను ఒక్క గీత దాటిపోయిందంటే, ఆ గీతలో ఉన్న తనఖా మన నెత్తిన పడేది.

1998 నవంబరు 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్డ్ అనే పథకం కింద 214 సబ్ రిజిస్ట్రారు ఆఫీసుల్లో కంప్యూటర్లు పనిలోకి దిగాయి. దస్తావేజును గుమాస్తా చేత్తో పుస్తకంలోకి ఎత్తిరాసే పని పోయి, దాన్ని స్కాన్ చేసి బొమ్మగా దాచడం వచ్చింది. పాత ఇండెక్సులను వెనక్కి 1983 దాకా కంప్యూటరులోకి ఎక్కించారు. రోజులు పట్టిన ఈసీ నిమిషాల్లో చేతికొచ్చింది.

మరి రోజులు నిమిషాలు ఎలా అయ్యాయి? కంప్యూటరు చాలా వేగంగా పుటలు తిప్పుతుంది గనుక అని అనుకుంటాం. అది సగం నిజమే. అసలు కిటుకు పుటలు తిప్పకుండా తప్పించుకోవడంలో ఉంది.

సమాచారాన్ని ఒక క్రమంలో దాచిన కొట్టును డేటాబేసు అంటారు. ధాన్యం కొట్టులాంటిదే, కాకపోతే గింజలకు బదులు వివరాలు. 1970లో ఐబీఎం సంస్థలో పనిచేసే ఎడ్గార్ కాడ్ అనే ఆయన, ఈ వివరాలన్నిటినీ అడ్డగీతలూ నిలువుగీతలూ ఉన్న పట్టికలుగా దాచవచ్చునని ప్రతిపాదించాడు. మన చీటీపాట లెక్కల పుస్తకంలాగే పేరు ఒక గడిలో, తేదీ ఒక గడిలో, డబ్బు ఒక గడిలో. మనం ఏం కావాలో చెబితే చాలు, దాన్ని ఏ దారిలో వెదకాలో యంత్రమే చూసుకోవాలి. ఇదీ ఆయన ఆలోచన.

వెదికే దారుల్లో మొదటిది సూచిక. నిఘంటువులో "గుమ్మడి" అన్న మాట కోసం మనం "అ" నుంచి చదువుకుంటూ రాము గదా! మధ్యకు తెరుస్తాం, ముందుకో వెనక్కో జరుగుతాం. కంప్యూటరూ అంతే. అక్షరక్రమంలో పేర్చిన కోటి పేర్లలో ఒక్క పేరు పట్టుకోవాలంటే, ప్రతిసారీ సగం భాగాన్ని పక్కకు తోసేస్తూ పోతే 24 అడుగుల్లో చేరుకోవచ్చు. కోటి ఎక్కడ, ఇరవై నాలుగు ఎక్కడ! ఐతే సూచిక ఊరికే రాదు. కొత్త దస్తావేజు వచ్చిన ప్రతిసారీ దాని పేరును సూచికలోనూ సరైన చోట ఇరికించాలి. సూచికలు ఎక్కువైతే వెదకడం తేలికవుతుంది, రాయడం ఆలస్యమవుతుంది. వంటింట్లో ప్రతి డబ్బాకూ చీటీ అంటిస్తూ కూర్చుంటే పొయ్యి మీద పప్పు మాడుతుంది. అలాగే.

రెండో దారి పథకం వేసుకోవడం. "ఫలానా సర్వే నంబరులో, వెంకటేశ్వరరావు అనే ఆయన రాసిచ్చిన దస్తావేజులు చూపించు" అని అడిగామనుకోండి. మన ప్రాంతంలో వెంకటేశ్వరరావులు ఎందరో చెప్పనక్కర్లేదు! పేరు పట్టుకొని బయలుదేరితే వేల దస్తావేజులు ముందేసుకొని, అందులో మన సర్వే నంబరు ఏరుకోవాలి. అదే సర్వే నంబరు పట్టుకొని బయలుదేరితే పదో పదిహేనో దస్తావేజులు వస్తాయి, అందులో పేరు చూసుకోవడం క్షణం పని. జవాబు ఒకటే, శ్రమలో మాత్రం భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా. ఏది ముందు, ఏది వెనుక అన్నది యంత్రం తనంతట తానే లెక్కగట్టుకునే పద్ధతిని 1979లో ఒక పరిశోధక పత్రంలో వివరించారు. ఆ పత్రంలో మొదటి పేరు ఒక మహిళది, పట్రీషియా సెలింజర్. ఐబీఎం వారి పరిశోధనాలయంలో ఆమె, ఆమె తోటివారు చూపిన ఆ దారిలోనే నేటికీ చాలా డేటాబేసులు నడుస్తున్నాయి.

ఈ లెక్కకు ఆధారం యంత్రం దగ్గరున్న అంచనాలు. ఏ పేరు ఎన్నిసార్లు వస్తుంది, ఏ ఊళ్ళో ఎన్ని దస్తావేజులున్నాయి అన్న లెక్కలు పాతబడిపోతే, పథకమూ తప్పుతుంది. పోయినేడు వచ్చిన చుట్టాల లెక్కను బట్టి ఈ ఏడు పెళ్ళికి బియ్యం పోసినట్టు. "ఇవాళ కంప్యూటరు నెమ్మదిగా ఉందమ్మా" అని ఆఫీసులో అంటే, ఒక్కోసారి కారణం యంత్రం కాదు, ఈ పాత అంచనాలే.

మూడో దారి పదిమంది కలిసి చేయడం. దీన్నే సమాంతర పద్ధతి అంటారు. ఇది మనకు ఒకరు నేర్పాలా? ఊడ్పుల కాలంలో చేలోకి చూడండి. ఎకరం ఊడ్చడానికి పదిమందికి ఒక రోజు పడుతుందనుకుందాం. ఇరవైమంది దిగితే పూటలో అయిపోవాలి. రెండెకరాలున్నా ఇరవైమంది దిగితే ఒక్కరోజులోనే కావాలి. మొదటిదాన్ని వేగం పెరగడమనీ, రెండోదాన్ని పని పెరిగినా కాలం పెరగకపోవడమనీ అంటారు. పెద్ద పట్టికను ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క యంత్రానికి ఇచ్చి, అందరినీ ఒకేసారి వెదకమంటే జరిగేది ఇదే. అమెరికాలో టెరాడేటా అనే సంస్థ 1979లో ఈ పనికే పుట్టింది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ డివిట్ బృందం 1980ల్లో గామా అనే యంత్రవ్యవస్థను కట్టి చూపించింది.

ఐతే ఇరవైమంది దిగినా పూటలో పని తెమలని రోజులు మనకు తెలియనివి కావు. 1992లో డివిట్, జిమ్ గ్రే కలిసి రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో దీనికి మూడు కారణాలు చెప్పారు. మన చేలోనే మూడూ కనిపిస్తాయి. మొదటిది, పని మొదలయ్యే ముందు పట్టే సమయం. ముఠాను పోగుచేసి, ఆటో ఎక్కించి, గట్టు మీద నిలబెట్టి మునుం పంచేసరికే గంట గడిచిపోతుంది. చిన్న మడికి ఇంతమందిని పిలిస్తే పిలుపుకే పొద్దు సరి. రెండోది, ఒకరికొకరు అడ్డం రావడం. నారు కట్టలు అందించేది ఒక్కడే అయితే, ఇరవైమందీ అతని కోసం చేతులు చాపుకొని నిలబడాలి. మూడోది, పంపకంలో తేడా. ఒకామె మునుంలో మెత్తటి నేల, ఇంకొకామె మునుంలో మోకాలి లోతు దిగబడే బురద. అందరూ గట్టెక్కినా, ఆ ఒక్కామె ముగించేదాకా చేను ముగిసినట్టు కాదు. వంద యంత్రాలున్న చోట కూడా జవాబు వచ్చేది అన్నిటికంటే వెనకబడిన యంత్రం పని ముగించాకే.

అంచేత పట్టికను ఎలా పంచాలన్నది పెద్ద ప్రశ్న అయి కూర్చుంది. బంతిలో విస్తళ్ళు వేసినట్టు వరసగా ఒక్కొక్కటి వేసుకుంటూ పోతే అందరికీ సమానంగా వస్తాయి, కాని ఏ దస్తావేజు ఎవరి దగ్గరుందో తెలియదు. ఏడాదుల ప్రకారం పంచితే, అందరూ ఇటీవలి సంవత్సరాలే అడుగుతారు గనుక ఒక యంత్రం చెమటలు కక్కుతుంటే మిగిలినవి గోళ్ళు గిల్లుకుంటాయి. మూడో పద్ధతి శేషం లెక్క. పది యంత్రాలున్నాయనుకుంటే, సర్వే నంబరును పదితో భాగించి శేషం ఎంతో చూడడం. 347వ నంబరైతే శేషం 7, ఏడో యంత్రాన్ని అడిగితే చాలు, మిగిలినవాటిని కదపనక్కర్లేదు. కాని "300 నుంచి 350 దాకా" అని అడిగితే మళ్ళీ పదింటినీ లేపాల్సిందే. అన్ని ప్రశ్నలకూ పనికొచ్చే పంపకం ఒకటి లేదు. ఎలాంటి ప్రశ్నలు ఎక్కువ వస్తాయో చూసి పంచుకోవాలి, కాలంతోపాటు ప్రశ్నలు మారితే పంపకమూ మార్చుకోవాలి. ఈ పంపకాల మీద పరిశోధన చేసినవారిలో హైదరాబాదు ఐఐఐటీలో ఆచార్యులైన కమలాకర్ గారొకరు. ఆయన ఇంటిపేరు కర్లపాలెం కావడం మన ప్రాంతం వారికి వినసొంపైన సంగతి.

ఇంకో రకం సమాంతరం కూడా ఉంది. అరిసెలు వండేటప్పుడు ఒకరు ఉండలు చేస్తారు, ఒకరు తడతారు, ఒకరు నూనెలో వేస్తారు, ఒకరు నూనె ఒత్తుతారు. అందరూ ఒకే పని చేయడం లేదు, ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పని పారుతోంది. కంప్యూటరులోనూ వెదికేది ఒక భాగం, జతచేసేది ఒక భాగం, లెక్క తేల్చేది ఒక భాగం. ఐతే పాకం కుదిరేదాకా ఎవరికీ పని లేనట్టే, అన్నిటినీ వరసలో పేర్చే పని వచ్చినప్పుడు, ఆఖరి పేరు చేతికొచ్చేదాకా తర్వాతి భాగం కాచుకు కూర్చోవాలి.

ఒకే సమాచారాన్ని రెండుమూడు చోట్ల నకళ్ళుగా ఉంచడమూ కద్దు. దీనివల్ల అడిగేవారు ఎక్కువైనా జవాబు తొందరగా వస్తుంది. అంతకంటే ముఖ్యం భద్రత. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను మన తీరం మరచిపోలేదు. కాగితమనేది ఒకే బీరువాలో ఉంటే, ఆ బీరువా ఉన్న గది నీళ్ళలో మునిగితే అంతే సంగతులు. దూరాన ఇంకో నకలుంటే ఊరు మునిగినా పొలం చరిత్ర మునగదు.

ఇప్పటిదాకా అక్షరాలూ అంకెల సంగతి చెప్పాను. ఇక బొమ్మల సంగతి. దస్తావేజులో ముఖ్య వివరాలు, అంటే పేర్లు, తేదీ, సర్వే నంబరు, హద్దులు, ఇవన్నీ కలిపినా కంప్యూటరులో ఆక్రమించే చోటు చాలా తక్కువ. అదే దస్తావేజు పుటలను స్కాన్ చేస్తే బొమ్మలు దానికి వందల రెట్లు బరువుంటాయి. అందుకని బొమ్మలను వేరే చోట పెట్టి, పట్టికలో వాటి చిరునామా మాత్రం రాసుకుంటారు. ఇనప్పెట్టెలో నగ, పుస్తకంలో దాని గుర్తు. బొమ్మలూ, మాటలూ, వేలిముద్రలూ, చలనచిత్రాలూ కలిపి దాచేవాటినే మల్టీమీడియా డేటాబేసులంటారు.

ఇక్కడ ఒక్క మాట బాగా గుర్తుంచుకోవాలి. స్కాన్ చేసిన బొమ్మలో ఏముందో కంప్యూటరు చదివి పెట్టుకోదు. మీ దస్తావేజు మూడో పుటలో "ఈ ఆస్తి మీద మా అక్కగారికి జీవితాంతం అనుభవ హక్కు" అని ఉండవచ్చు. ఆ ముక్కను ఎవరూ పట్టికలోకి ఎక్కించకపోతే, ఎంత వేగంగా వెదికినా అది బయటపడదు. దస్తావేజు నకలు తీయించి మనిషి కళ్ళతో చదవాల్సిందే.

బొమ్మను బొమ్మతో వెదకడం వేరే విద్య. చీరల కొట్టుకు వెళ్ళి "అచ్చం ఇదే" అనం, "ఇలాంటిదే చూపించు" అంటాం. రంగు, నేత, అంచు చూసి దగ్గరి పోలికలున్నవి పదో పన్నెండో ముందు పరుస్తారు. 1990ల్లో ఐబీఎం వారు చేసిన క్యూబిక్ అనే వ్యవస్థ రంగు, ఆకారం, అల్లిక అనే లక్షణాలను అంకెలుగా మార్చుకొని ఇదే పని చేసింది. అంకెలు దగ్గరగా ఉంటే బొమ్మలు పోలి ఉన్నట్టు. ఇందులో "అవును, కాదు" ఉండవు, "దగ్గర, దూరం" మాత్రమే ఉంటాయి.

ఇందాక చెప్పిన జిమ్ గ్రే కథ ఇక్కడ చెప్పాలి. 1998 సంవత్సరానికి కంప్యూటరు విద్యలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం పొందిన ఆయన, 2007 జనవరి 28న తల్లి అస్థికలు సముద్రంలో కలపడానికి శాన్ ఫ్రాన్సిస్కో నుంచి ఒంటరిగా పడవలో వెళ్ళి తిరిగి రాలేదు. ఆయన స్నేహితులు ఆ సముద్రం మీద తీసిన ఉపగ్రహ ఛాయాచిత్రాలను చిన్న చిన్న ముక్కలు చేసి జనం ముందు పెట్టారు. వేలమంది తమ తమ ఇళ్ళలో కూర్చొని ఒక్కొక్క ముక్కా చూసి, పడవలాంటిది కనిపిస్తుందేమోనని వెదికారు. పెద్ద పనిని ముక్కలుగా పంచమని ఆయన చెప్పిన పద్ధతిలోనే ఆయన కోసం గాలించారు. ఆయన దొరకలేదు. ఎందరు కలిసి వెదికినా, చిత్రంలో పడనిది చిత్రంలో దొరకదు.

ఈ విద్య మన చేతివేళ్ళ దాకా కూడా వచ్చింది. ఆధార్ ఇచ్చేటప్పుడు పది వేలిముద్రలు, రెండు కనుపాపలు, ముఖం తీసుకుంటారు. ఒకే మనిషికి రెండు కార్డులు రాకుండా, కొత్తగా వచ్చిన ప్రతి మనిషినీ అంతకుముందు ఉన్న అందరితోనూ పోల్చాలి. లెక్క వేసి చూడండి. అప్పటికే వందకోట్ల మంది ఉన్నారనుకుందాం, రోజుకు పదిలక్షల మంది కొత్తవారు వచ్చారనుకుందాం. పోలికలు పదికోట్ల కోట్లు! సెకనుకు పదిలక్షల పోలికలు చేసే యంత్రం ఒక్కటే అయితే ఆ ఒక్కరోజు పనికే 31 ఏళ్ళు దాటుతుంది. వెయ్యి యంత్రాలైనా పదకొండు రోజులు పైమాటే. అందుకే అక్కడ సమాంతర పద్ధతి తప్పనిసరి.

కాని రేషను దుకాణంలో జరిగేది ఇది కాదు. అక్కడ మీ నంబరు ఇస్తారు గనుక, మీ వేలిని మీ పాత ముద్రతో మాత్రమే పోలుస్తుంది. ఒకటికి ఒకటి. మరి ఎందుకు పడటం లేదు? నారు పట్టీ, అంట్లు తోమీ, సున్నం కలిపీ అరిగిన వేలు పాత ముద్రకు దూరమైపోతుంది. యంత్రం పెట్టుకున్న హద్దు దాటితే "కాదు" అంటుంది. హద్దు సడలిస్తే పరాయివారి వేలు మీదిగా చెల్లిపోవచ్చు, బిగిస్తే మీ వేలే మీది కాకుండా పోవచ్చు. అంతేగాని "నీ వేలు పడలేదు" అంటే "నువ్వు దొంగవు" అని అర్థం కాదు. ఇంకో వేలు పెట్టి చూడండి, కనుపాప చూసే వీలున్నచోట అడగండి, ఆధార్ కేంద్రంలో ముద్రలు కొత్తగా వేయించుకోండి. సిగ్గుపడి వెనక్కి రాకండి.

చివరగా మళ్ళీ పొలం దగ్గరికి వద్దాం. ఈసీ అడిగితే 15వ నంబరు ఫారంలో లావాదేవీలు వస్తాయి, ఏమీ లేకపోతే 16వ నంబరు ఫారంలో "ఏమీ లేవు" అని వస్తుంది. ఈ "ఏమీ లేవు" దగ్గర ఆగి ఆలోచించాలి. అడిగిన మాటకు సరిపోయేది దొరకలేదని మాత్రమే దాని అర్థం. లక్ష్మి అన్న పేరును ఇంగ్లీషులో ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకొకలా రాస్తారు. పుట్టింటి ఇంటిపేరుతో రాసిన దస్తావేజు అత్తింటి ఇంటిపేరుతో వెదికితే దొరకదు. సర్వే నంబరు ఉపవిభాగమైతే, అంటే 12 కాస్తా 12-ఎ, 12-బి అయితే, పాతదీ కొత్తదీ రెండూ అడగాలి. కంప్యూటరులో వెదకడం 1983తో ఆగుతుంది, అంతకుముందు సంగతి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పాత పుస్తకాలు చూపించుకోవాలి. రిజిస్టరు కానిది ఈసీలో రాదు. వీలునామా రిజిస్టరైనా రాదు, దాని పుస్తకం వేరు, మూడో నంబరు.

ఇదంతా ఎందుకింతగా చెబుతున్నానంటే, మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే పిత్రార్జితంలో ఆడపిల్లకు వాటా ఇచ్చే చట్టం అమలయింది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. చట్టం వాటా ఇచ్చినా, ఆ వాటా ఈలోగా ఎవరి పేరుకు మారిపోయిందో తెలుసుకునే ఓపిక మనకుండాలి. ఒకటో పుస్తకం చూసే హక్కు, రుసుము కడితే, ఎవరికైనా ఉంది. దానికి అన్నగారి అనుమతి అక్కర్లేదు, ఆయనగారి సంతకం అక్కర్లేదు.

వేగం యంత్రం చూసుకుంటుంది. అడిగే ప్రశ్న సరిగ్గా ఉండేట్టు చూసుకోవలసింది మాత్రం మనమే. ఒక తెల్లకాగితం మీద మీ పొలం సర్వే నంబర్లు పాతవీ కొత్తవీ, నాలుగు హద్దులు, మీ పేరు ఎన్ని రకాలుగా రాశారో అన్ని రకాలూ, దస్తావేజు నంబరూ సంవత్సరమూ రాసి బీరువాలో పెట్టుకోండి. మీ కూతురికి కూడా ఒక నకలు ఇవ్వండి. అడగవలసిన రోజు వచ్చినప్పుడు ఆ కాగితమే మీకు దారి చూపిస్తుంది.